స్పెక్యులం, దర్పణం, ఆదర్శం: చూసేవారి బాధ్యత

సాహిత్యం సమాజానికి దర్పణమన్న మాట తెలుగు విమర్శలో సూత్రప్రాయమైంది. ఆ దర్పణం ఎవరివైపు తిరిగి ఉన్నదన్న ప్రశ్న అరుదు. అద్దానికి లాటిన్‌లో ఉన్న ‘స్పెక్యులం’ అనే పదం ఈ ప్రశ్నను పదునుగా ముందుకు తెస్తుంది.

‘స్పెకెరె’ అంటే చూడడం. సాధనార్థక ప్రత్యయం చేరగా ఏర్పడిన ‘స్పెక్యులం’కు చూసే పనిముట్టు అని వ్యుత్పత్త్యర్థం. చూసేవారి ముఖమే అందులో కనిపించాలన్న నియమం ఈ వ్యుత్పత్తిలో లేదు. 13వ శతాబ్దిలో బోవే నగరానికి చెందిన విన్సెంట్ సంకలనం చేసిన విజ్ఞాన సర్వస్వం ‘స్పెక్యులం మాయుస్’, అంటే మహాదర్పణం. రాజులకు నడవడి నేర్పే గ్రంథాలకూ, పూర్వపు దూరదర్శినుల్లో అద్దంగా అమర్చిన రాగి తగరాల మిశ్రమ లోహానికీ, చివరకు బాతు రెక్కపై మెరిసే రంగు పట్టీకీ ఇదే పేరు.

సంస్కృత ‘ఆదర్శం’ అద్దమూ, అనుసరించదగిన మాదిరీ. తెలుగు వాడుకలో రెండవ అర్థమే నిలిచింది. ‘అభినయదర్పణం’ ఈ రెండవ కోవలోనిదే. 1917లో ఆనంద కుమారస్వామి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆంగ్లీకరించిన ఆ గ్రంథం నర్తకి ఎలా ఉన్నదో చెప్పదు, ఎలా ఉండాలో చెబుతుంది.

వైద్యుని స్పెక్యులం వేరు. అది శరీరాన్ని తెరిచి లోపలికి చూసే పరికరం. దాని ఒక రూపానికి పేరిచ్చిన మేరియన్ సిమ్స్ 1840లలో అలబామాలో బానిసత్వంలో ఉన్న అనార్కా, బెట్సీ, లూసీ తదితర స్త్రీలపై మత్తుమందు లేకుండా పదేపదే శస్త్రచికిత్సలు చేశాడు. ఆ పరికరం నేటికీ ప్రాణాలు నిలుపుతోంది. దోషం లోహానిది కాదు. పరీక్షకు లోనైనవారికి కాదనే హక్కు లేకపోవడమే అక్కడి అన్యాయం.

వైరా దాటి భద్రాచలం అడవుల వైపు సాగే పరిశోధకునికి ఈ భేదం ఊరికే పదచర్చ కాదు. గోదావరి తీరపు కొండరెడ్లపై హైమెన్‌డార్ఫ్ గ్రంథం 1945లో ఆంగ్లంలో వెలువడింది. కొండరెడ్ల భాష తెలుగు. ఆ గ్రంథం ఎంత శ్రద్ధగా రాసినదైనా, అందులో వర్ణితులైనవారు తమ ముఖం చూసుకోగల అద్దం కాలేకపోయింది. గిరిజన జీవితంపై తెలుగులో వచ్చే నవలలకూ, సిద్ధాంత వ్యాసాలకూ ఆ మినహాయింపు లేదు. వ్యాసం విశ్వవిద్యాలయానికి సమర్పించకముందే సంబంధిత అధ్యాయాన్ని ఆ గూడెంలో చదివి వినిపించవచ్చు; అక్కడివారు కాదన్న వాక్యాన్ని, కాదన్నారన్న సంగతితో సహా, నమోదు చేయవచ్చు. భాష అందుకు అడ్డు రాదు.