చిత్తశుద్ధి ఒక్కటే చాలునా?

అబద్ధమాడువాడు తన మాట అబద్ధమని ఎరిగియే ఆడును. అందుచేత అతని దోషమును నిర్ణయించుట సులభము. కాని తాను చెప్పునది నిజమని మనసారా నమ్మి, నిజము కానిదానిని చెప్పువాని సంగతి యేమి? అతనికి దురుద్దేశము లేదు, లాభాపేక్ష లేదు. కోరినచో ప్రమాణము చేయుటకైనను వెనుదీయడు. లోకము అతనిని అసత్యవాది యనదు. అయినను అతని మాట నమ్మినవారికి కలుగు నష్టము, అబద్ధీకుని నమ్మినవారి నష్టమునకు ఏమాత్రము తీసిపోదు. పాతదియే యైన ఈ ధర్మసందేహము ఇటీవలి భౌతికశాస్త్ర చరిత్రలో విచిత్రమైన రూపమున తలయెత్తినది.

1916లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ తన గురుత్వ సిద్ధాంతమునుండి ఒక ఫలితమును రాబట్టెను. మిక్కిలి బరువైన గోళములు ఒకదానిచుట్టు నొకటి వేగముగా తిరుగునప్పుడు, కొలనులో రాయి పడినచోట అలలు లేచినట్లు, ఆకాశమునందే అలలు పుట్టి కాంతివేగముతో నలుదిక్కుల వ్యాపించును. అట్టి అల వచ్చి తాకినపుడు ప్రతి వస్తువును ఒక దిక్కున రవ్వంత సాగి, అడ్డదిక్కున రవ్వంత కుంచించుకొనును. వీటికి గురుత్వతరంగములని పేరు. 1936లో ఐన్‌స్టీనే ఇవి లేవని చూపుచు ఒక వ్యాసము వ్రాసి, అందలి దోషము తెలిసిన పిమ్మట దానిని సవరించుకొనెను. సిద్ధాంతకర్తయే తడబడినచోట ఇతరుల మాట చెప్పనేల?

ఈ తరంగములను యంత్రముతో పట్టుకొనుటకు మొదట నడుము కట్టినవాడు అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ వెబర్. టన్నుకు మించిన బరువుగల అల్యూమినియము దిమ్మెలను తీగలతో వ్రేలాడదీసి, అతిసూక్ష్మ కంపనమునైనను విద్యుత్తుగా మార్చగల స్ఫటికములను వాటిపై అతికించెను. అట్టి దిమ్మెను మేరీలాండున ఒకటియు, దూరముగా చికాగో సమీపమున మరియొకటియు నిలిపి, రెండును ఒకేసారి కంపించుచున్నవని 1969లో ప్రకటించెను. లోకము ఆశ్చర్యపడెను. పలుదేశముల ప్రయోగశాలలు అట్టి యంత్రములనే నిర్మించుకొని వేచియుండెను. ఎవరికిని ఏమియు కనబడలేదు. వెబర్ మాత్రము చలింపలేదు. ఇతరులు నడపుచున్న యొక యంత్రమును తన యంత్రమును ఏకకాలమున స్పందించుచున్నవని లెక్కలు చూపెను. విచారింపగా ఆ రెండు చోట్ల కాలమును నమోదు చేసిన పద్ధతులు వేరనియు, వాటి నడుమ నాలుగు గంటల తేడా కలదనియు తేలెను. నాలుగు గంటల యెడముగల కంపనములందు అతనికి ఏకకాలికత కనబడినదన్నమాట! ఇంత జరిగినను వెబర్ తన మాట వదలుకొనలేదు. 2000లో కన్నుమూయువరకు అదే విశ్వాసమున నుండెను.

అతడు మోసగాడు కాడు. అంకెలను పరిశీలించునపుడు ఏ కంపనమును లెక్కకు తీసికొనవలెను, దేనిని విడువవలెను అను నిర్ణయమును, ఫలితమును కోరుచున్న మనస్సే చేసినది. చిక్కంతయు అక్కడనే కలదు.

తరువాతి తరమువారు ఈ పాఠమును మరువలేదు. అమెరికాలో హాన్‌ఫర్డు, లివింగ్‌స్టన్ అను రెండు చోట్ల, మూడువేల కిలోమీటర్ల యెడముతో, లైగో అను పరిశోధనాకేంద్రములు వెలసినవి. ఒక్కొక్కచోట నాలుగు కిలోమీటర్ల పొడవుగల రెండు గొట్టములు, చివరలయందు అద్దములు, వాటి నడుమ లేసరు కిరణములు. ప్రోటాను వ్యాసములో కొన్ని వందల వంతు కదలిక కలిగినను తెలియవలెను. అట్టి యంత్రమునకు గాలి, రహదారిపై పోవు లారీ, దూరపు సముద్రపు హోరు అన్నియు సంకేతములవలెనే తోచును.

కనుక వారు ఒక కట్టుబాటు చేసికొనిరి. కొలదిమంది మాత్రము ఎవరికిని తెలియకుండ అద్దములను కదలించి, నిజమైన తరంగమును పోలిన కల్పిత సంకేతమును పుట్టింపవచ్చును. అట్లు జరుగవచ్చునని అందరికి తెలియును. ఎప్పుడో ఎవరికిని తెలియదు. 2010 సెప్టెంబరు 16న గొప్ప సంకేత మొకటి కనబడెను. అది శునకరాశి దిక్కునుండి వచ్చినట్లు తోచుటచే దానిని 'పెద్దకుక్క' యని ముద్దుగా పిలుచుకొనిరి. ఆరు నెలలు శోధించి, లెక్కలు కట్టి, ప్రకటింపదగిన వ్యాసమును సిద్ధము చేసిరి. 2011 మార్చి 14న కాలిఫోర్నియాలోని ఆర్కేడియాలో, 'కవరు తెరచుట' యని వారు పిలుచుకొనిన సభలో, రహస్యము బయటపడెను. అది కల్పితమే.

సత్యాన్వేషణకై ఏర్పడిన సంఘము తనవారినే బుద్ధిపూర్వకముగా భ్రమపెట్టవచ్చునా? ఎందరో యువపరిశోధకుల రాత్రింబవళ్ల శ్రమను లేనిదానికై వ్యయపరచుట న్యాయమా? ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. కాని భ్రమపడువారు ముందే దానికి సమ్మతించియుండిరి; గుట్టు విప్పు దినమును నియతమై యుండెను; కష్టము వారి సంఘమునకే పరిమితము. ఆ వ్యాసము అచ్చునకు పోలేదు. గీటురాతిపై గీసినపుడు బంగారము కొంత అరుగును. ఆ అరుగుదలకు వెరచి పరీక్ష మానిన కంసాలి కొన్నాళ్లకు ఇత్తడినికూడ బంగారమనియే అమ్మును. వెబరునకు చిత్తశుద్ధి పుష్కలముగా నుండెను. అతని ప్రయోగశాలలో లేకపోయినది, కోరికకు అందనిచోట జవాబును దాచియుంచు ఏర్పాటు.

ఈ శిక్షణ వృథా కాలేదు. 2015 సెప్టెంబరు 14న అయిదింట ఒకవంతు సెకను కాలము నిలిచిన సంకేతము మొదట లివింగ్‌స్టనునందును, సెకనులో వెయ్యింట ఏడువంతుల పిమ్మట హాన్‌ఫర్డునందును నమోదయ్యెను. చూచినవారు సంతసింపక, ఇది ఎవరు పెట్టిన పరీక్ష యని అడిగిరి. ఆనాటికి రహస్య పరీక్షల ఏర్పాటు ఇంకను మొదలుకాలేదని తెలిసిన పిమ్మటకూడ, ఎవరైన దురుద్దేశముతో యంత్రములలో చొరబడిరేమో యని సోదించిరి. అయిదు నెలల తరువాత, 2016 ఫిబ్రవరి 11న గాని లోకమునకు చెప్పలేదు. సూర్యునికంటె 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశిగల రెండు కృష్ణబిలములు 130 కోట్ల సంవత్సరములకు పూర్వము ఢీకొని ఏకమైనప్పుడు లేచిన అల యది. అంతకు ముందటి యేడు, 2014 మార్చిలో, దక్షిణధ్రువమునుండి ఆకాశమును పరిశీలించిన మరియొక బృందము సృష్ట్యాదినాటి తరంగముల జాడ దొరికెనని సభచేసి ప్రకటించినది. మరుసటి యేడు లెక్కలు సరిచూడగా ఆ జాడకు మన పాలపుంతలోని ధూళియే చాలునని తేలెను. ఆ బృందమువారును నిజాయితీపరులే.

భారతదేశమునందును ఇట్టి కేంద్రము రానున్నది. జ్యోతిర్లింగక్షేత్రముగా ప్రసిద్ధమైన ఔంఢా నాగనాథ్ సమీపమున, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, దాని నిర్మాణమునకు 2023లో కేంద్రప్రభుత్వము 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. దూరదేశమున ఇంకొక యంత్రముండుటచే అల యే దిక్కునుండి వచ్చినదో మరింత కచ్చితముగా తెలియును. ఒకచోటి మాటను మరియొకచోట సరిచూచుకొను వీలును పెరుగును.

వెబరు దిమ్మెలలో నొకటి నేడు హాన్‌ఫర్డు కేంద్రమున ప్రదర్శనకు ఉంచబడినది. అతని తొందరపాటును ఎరిగినవారే, మొదట వెదకినవాడను గౌరవముతో దానిని అచట నిలిపిరి.