చుక్క పెట్టిన దారి

కొండ ఎక్కడానికి కూడా పుస్తకం కావాలా అని ఆశ్చర్యపోకండి. ఇంగ్లండులో బండలెక్కే సరదా ఉన్నవాళ్లు తాళ్లతో పాటు ఓ చిన్న గైడు పుస్తకం కూడా సంచిలో పెట్టుకుంటారు. అక్కడ డెర్బీషైర్‌లో స్టానేజ్ అనే రాతిగట్టు ఉంది. అయిదారు కిలోమీటర్ల పొడవున్న ఆ గట్టు మీదికి వెయ్యికి పైగా దారులున్నాయి! దారి అంటే మెట్లూ, కాలిబాటా కాదు సుమండీ! ఈ పగులులో వేళ్లు దూర్చి, ఆ అంచున మునివేళ్లు ఆనించి, నిలువు రాతి మీద పాక్కుంటూ పోవడమే. పుస్తకంలో ప్రతి దారికీ ఓ పేరుంటుంది, ఎంత కష్టమో చెప్పే ఓ గుర్తుంటుంది. కొన్నింటి పక్కన మాత్రం చుక్కలుంటాయి. ఒకటి, రెండు, మహా అయితే మూడు.

కష్టాన్ని చెప్పే గుర్తు వేరు, చుక్కలు వేరు. మొదటిది ఈ దారి నీవల్ల అవుతుందా అని అడుగుతుంది. అందులోనూ ఓ తమాషా ఉంది. 'డిఫికల్ట్' అని రాసి ఉన్నది ఈ రోజుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కే దారి! పాతకాలపు పేరు అలాగే నిలిచిపోయింది. చుక్కలేమో, ఎక్కితే ఎంత బాగుంటుందో చెబుతాయి. ఒకటి హెచ్చరిక, రెండోది ఎవరో ముచ్చటపడి చెప్పిన మాట.

కానీ ఆ ముచ్చటే శాసనమై కూర్చుంటుంది. ఉన్నది ఒక్క సెలవురోజు. దాన్ని అనామకపు రాయి మీద ఎందుకు వృథా చేసుకోవడం? నలుగురితో పాటు నారాయణా అనుకుని అందరూ మూడు చుక్కల దారి దగ్గరే తమ వంతు కోసం నిలబడతారు. ఇన్ని చేతులూ, ఇన్ని కాళ్లూ తగిలి, ముఖ్యంగా సున్నపురాయి అయితే, తరాలు తొక్కిన గడపలా నున్నబడి జారిపోతుంది. మనం దిష్టి తగలకూడదని బుగ్గన చుక్క పెడతాం. అక్కడ చుక్క పెట్టడం వల్లనే దిష్టి తగులుతోంది!

మరి పక్కనే ఉన్న చుక్కలేని దారి? ఎవరూ ఎక్కరు కనుక పగుళ్లలో మట్టి చేరి, నాచు పట్టి, గడ్డి మొలుస్తుంది. కొన్నేళ్లకు కొత్త పుస్తకం రాసేవాడొచ్చి చూసి, దీనికి చుక్క ఎందుకని పెదవి విరుస్తాడు. బాగా లేదు కనుక ఎవరూ వెళ్లలేదా, ఎవరూ వెళ్లలేదు కనుక బాగాలేకుండా పోయిందా? చెప్పగలరా మీరు?

1979లో అమెరికాలో స్టీవ్ రోపర్, ఆలెన్ స్టెక్ అనే ఇద్దరు ఉత్తర అమెరికాలోని యాభై మేటి దారుల గురించి ఓ పుస్తకం రాశారు. ఆ యాభైలో చాలావాటి మీద జనం ఎంతగా విరుచుకుపడ్డారంటే, 'యాభై మేటి దారులు' కాదు, 'యాభై కిటకిటలాడే దారులు' అని ఎక్కేవాళ్లే హాస్యమాడారు. అయితే ఆ జాబితాలోనే, 1965లో స్టెక్ బృందం వారాల తరబడి శ్రమించి ఎక్కిన కెనడాలోని లోగన్ పర్వతపు హమ్మింగ్‌బర్డ్ శిఖరపు వరస కూడా ఉంది. దాని దగ్గర తొక్కిసలాట ఏమీ లేదు. మనకు కావలసింది మేటిదే, కాని అందుబాటులో ఉన్న మేటిది!

అలాగని చుక్కల్ని నమ్మినవాళ్లను తప్పుపట్టలేను. అనుభవజ్ఞుల మాట వినడం అవివేకం కాదు. ప్రాణానికి సంబంధించిన హెచ్చరికను కాదనడం అసలే సాహసం కాదు. కాని హెచ్చరికకు ఇచ్చే విధేయతే ముచ్చటకూ ఇవ్వాలా? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని వెక్కిరిస్తాం. ఆ మూడు చుక్కల దారిని మొట్టమొదట ఎక్కిన మనిషి ఉలిపికట్టే కదా! ఆ మనిషికి ఏ పుస్తకమూ చుక్కలు చూపించలేదు. అందరం చుక్కలున్న చోటికే పోతే, రేపు చుక్కలు పెట్టడానికి మిగిలేదెవరు? కొందరు ఓ బ్రష్షు పట్టుకెళ్లి, నాచు పట్టిన పాత దారిని ఓపిగ్గా శుభ్రం చేసి ఎక్కుతారు. మొదటి మనిషి అప్పు తీరుస్తున్నది వాళ్లేననిపిస్తుంది నాకు.

ఈ గొడవంతా బండలెక్కేవాళ్లదేలే అనుకోకండి. మన ఇళ్లల్లోనూ ఒక పిల్లకు 'చక్కగా పాడుతుంది' అని చుక్క పెట్టేస్తాం. చుట్టాలొచ్చినప్పుడల్లా పాట అడిగేది ఆ పిల్లనే. రెండోదాన్ని ఎవరూ అడగరు. అడగని గొంతుకూ నాచు పడుతుంది. దానికి పాట రాదని పదేళ్ల తర్వాత మనమే తీర్పు చెబుతాం. ఓసారి అడిగి చూడకూడదూ?