కృష్ణా తీరం నుంచి వియత్నాం దాకా ఒక అంచు

సెలవులకు వియత్నాం వెళ్లడానికి బీచ్‌లకన్నా గట్టి కారణం ఒకటుంది. 1911లో అక్కడి డోంగ్ జుయోంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడు ఇప్పుడు హోచిమిన్ నగర చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు. కుడి భుజం మీద వస్త్రం లేదు. కింద అంచు మాత్రం మందంగా మడతపడి వంపు తిరిగింది. అది అమరావతి శిల్పుల పోకడ. అది లంకలో పోసిన విగ్రహమని కొందరు పండితులంటారు, కావచ్చు. కానీ లంక శిల్పులకు ఆ మడత నేర్పింది కూడా కృష్ణాతీరమే కదా! ఆగ్నేయాసియా వైపు సువర్ణభూమికి ఓడలు బయల్దేరే చోటు మైసోలియాలో, అంటే మన తీరంలోనే ఉందని రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాశాడు. ఇంట్లో ఉన్నది చూడకుండా అంత దూరం ఎందుకంటారా? నిజమే, ముందు విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుణ్ణి చూడండి. టికెట్ ఆ తర్వాతే తీసుకోండి.