అట్లతద్ది నోము: వ్రతభంగ దోషమెవరిది?

ఆశ్వయుజ బహుళ తదియనాడు మన స్త్రీలు నోచు నోము అట్లతద్ది. తెల్లవారకముందే చద్ది భుజించి, పగలెల్ల ఉపవసించి, ఉయ్యాలలూగి, సాయంకాలము గౌరీపూజ గావించి, చంద్రదర్శనమైన పిదప ముత్తైదువులకు అట్లు వాయనమిచ్చి భుజింతురు. ఔత్తరాహ స్త్రీలు కరవాచౌత్ ఉపవాసమును ఆ మరునాడే, చవితినాడు సలుపుదురు. ఒడిశాలో మన లెక్కకు వైశాఖ అమావాస్యనాడు సావిత్రీవ్రతమును, మహారాష్ట్రమున జ్యేష్ఠ పూర్ణిమనాడు వటపూజయు జరుగును. పొరుగువారితో కలిసిమెలిసి బ్రదుకు మన కుటుంబములకు ఇవి కొత్తవి కావు.

అట్లతద్ది కథలో ఒక ధర్మసందేహము కలదు. రాచకూతురు ఉపవాసముచే సొమ్మసిల్లగా, అన్నలు చూచి తాళలేక, చెట్టుకు అద్దము గట్టి, మంటవెలుగు దానిపై బడునట్లు చేసి, అదే చంద్రుడని నమ్మించిరి. ఆమె భుజించెను, నోము చెడెను. ముసలిమగని కట్టుకొనవలసిన గతి పట్టెను. మరల నోము నోచిన పిమ్మటగాని ఆమె కష్టము తీరలేదు.

కల్లలాడినవారు అన్నలు, ఫలమనుభవించినది చెల్లెలు. ఇది న్యాయమా? తెలియక తాకినను నిప్పు కాల్చును గదా యని కొందరందురు. ఈ సామ్యమును మేమొప్పుకొనజాలము. నిప్పునకు మనస్సు లేదు. వ్రతమునకు మనస్సే ప్రాణము. ఆమె సంకల్పము చెడలేదు, కావున దోషమామెది కాదు. ప్రేమతో చేసిన మోసమైనను ప్రేమపాత్రులకే కీడు దెచ్చునని కథ చెప్పుచున్నట్లు మాకు తోచుచున్నది. అన్నల జాలి నిజమే. చెల్లెలినొక్కమాట అడుగకుండుటయే వారి తప్పు.

ఈ ప్రశ్న నేటికిని మన యిండ్లలో కలదు. మధుమేహమునకు మందు పుచ్చుకొను ఇల్లాలిని, నలుగురేమనుకొందురో యని ఉపవాసమునకు నిర్బంధించువారు కొందరు. ఆమెకు చెప్పకయే యేదో విధమున నోము తప్పించువారు మరికొందరు. ఇరువురును ఆమె నోమును ఆమె చేతినుండి లాగికొనువారే.

అట్లైన ప్రాణాపాయమును చూచుచు ఊరకుండవలెనా? అక్కరలేదు. వైద్యుని మాట దాచక ఆమెకు చెప్పవలెను. మహాభారతమున ఉద్యోగపర్వములో వ్రతమును చెరుపనివి ఎనిమిదింటిని విదురనీతి పేర్కొనినది. వానిలో నీరు, పండ్లు, పాలు, ఔషధము కూడ ఉన్నవి. ఈ సంగతి తెలిసిన ఇల్లాలు మందును మ్రింగి, పాలు త్రాగియు నోము నోచుకొనవచ్చును. మానదలచినచో నిందపడక మానవచ్చును. నిర్ణయము మాత్రము ఆమెదిగా ఉండవలెను. బలవంతపు ఉపవాసము పస్తేగాని వ్రతము కానేరదు.