మిగిల్చిన ఇనుము

సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పిస్టన్ పైకి పోయి, ఆగి, కిందికి మళ్ళే చోట ఎక్కువ అరుగుతుంది. నడుమ వేగంగా జారుతున్నంతసేపూ రింగుకూ గోడకూ మధ్య నూనె పొర నిలుస్తుంది. పైన మళ్ళే క్షణంలో వేగం సున్నా అవుతుంది, నూనె పొర పలచబడుతుంది, పైగా మండుతున్న వాయువు రింగును గోడకేసి అదుముతూ ఉంటుంది. పాత ఇంజను హెడ్డు విప్పి, సిలిండరు లోపలి నుంచి పైకి గోరు లాగితే అంచు దగ్గర ఒక గట్టు తగులుతుంది. రింగు ఎన్నడూ చేరని చోట ఇనుము మొదటి కొలతలోనే ఉండిపోయింది, అదే ఆ గట్టు. మనుషుల సంగతి గట్టిగా చెప్పలేను గాని, పరుగులో కన్నా మలుపులో అరిగినవాళ్ళను కొందరిని ఎరుగుదును.

మా షెడ్డులో ఉన్నది 1972 నాటి అంబాసిడర్, మార్క్ టూ. రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు 1973 నవంబరు 1న వచ్చింది. ఈ కారు అంతకుముందే రిజిస్టరయింది కాబట్టి నంబరు పలక మీద ఇంకా మైసూరు రాష్ట్రపు ఎమ్‌వై అక్షరాలే ఉన్నాయి. హొసకోటె నుంచి పాత మద్రాసు రోడ్డు పట్టుకుని కోలారు, ముళబాగిలు మీదుగా తిరుపతి పోయే కుటుంబాలకు ఒకప్పుడు ఇలాంటి కార్లే దిక్కు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడే మా వైపు జనానికి అంబాసిడర్ అంటే పెళ్ళి కారు, ఆస్పత్రి కారు, మొక్కుల కారు. ఇప్పుడు అదే రోడ్డు పక్కన 1998 నుంచి వోల్వో కర్మాగారం ఉంది. అక్కడి నుంచి వచ్చే బండ్లలో లోపం ఏమిటో ముందు కంప్యూటరు చెబుతుంది. నా కారుకు జబ్బు ఏమిటో పొగ చెప్పింది. నీలిపొగ, అంటే లోపల నూనె మండుతోందని.

ఈ ఇంజను పుట్టిల్లు ఇంగ్లండు. ఆస్టిన్ కంపెనీ 1947లో ఏ40 కారు కోసం 1,200 సీసీతో మొదలుపెట్టిన బి-సిరీస్ కుటుంబంలోది. అందులోని 1,489 సీసీ రూపం మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోకి, 1955లో ఎమ్‌జీఏ అనే రేసు సోకుల కారులోకి, ఆ తర్వాత బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్‌లోకి వచ్చింది. అక్కడ కుర్రకారు పందేలకు వాడుకున్న ఇంజనే ఇక్కడ కలెక్టర్లనూ పెళ్ళికూతుళ్ళనూ మోసింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది.

దాని రిపేరు పుస్తకం చదువుతుంటే నన్ను ఆపింది ఒక చిన్న పట్టిక. సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. దాని కింద ఓవర్‌సైజు పిస్టన్ల వరస: 10, 20, 30, 40. అంగుళంలో వెయ్యో వంతు లెక్క అది, మెకానిక్కుల భాషలో థౌ. సిలిండరు అరిగిపోతే 10 థౌ పెద్దదిగా కోసి ఆ సైజు పిస్టన్ వేస్తారు. అదీ అరిగితే 20. అలా 40 దాకా, అంటే మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు. ఆ తర్వాత స్లీవ్ అనే లోపలి గొట్టం దిగ్గొట్టి మళ్ళీ స్టాండర్డుకు రావాలి. ఇది తెలియని మెకానిక్కు ఉండడు, ఇందులో వింత లేదు. నాకు వింతగా తోచింది వేరే. కారు ఇంకా అమ్ముడుపోకముందే, అది అరుగుతుందని తయారీదారు ఒప్పుకుని పుస్తకంలో అచ్చు వేశాడు. ఎన్నిసార్లు అరగవచ్చో, ఎన్నిసార్లు కోయించుకోవచ్చో లెక్క కట్టి, అందుకు సరిపడా ఇనుమును గోడల్లో ముందే ఉంచాడు. తన పేరు కూడా తెలియని ఎవరో ఒక మేస్త్రి ఎప్పుడో విప్పుతాడన్న నమ్మకంతో వదిలిన మందం అది. ఇప్పటి వస్తువుల మీద ‘లోపల మీరు బాగుచేయదగినవి ఏవీ లేవు’ అన్న హెచ్చరిక చూసినప్పుడల్లా ఆ పట్టిక గుర్తొస్తుంది.

ఇంట్లో ఇంజను కట్టడం అంటే అన్నీ ఇంట్లోనే జరుగుతాయని కాదు. చైన్ బ్లాకుతో దింపడం, డీజిల్‌తో కడగడం, వాల్వులకు పేస్టు రాసి రెండు అరచేతుల మధ్య కర్ర తిప్పుతూ సీటు కూర్చోబెట్టడం, ఫీలర్ గేజి పెట్టి టాపెట్లు 15 థౌకు సరిచేయడం, ఇవి ఇంటి పనులు. సిలిండరు కోయడం, క్రాంకు గ్రైండింగు లేత్ షాపు పనులు. ఇంట్లో చేసుకోవడంలో లాభం తీరిక. గ్యారేజీలో ఒక బండి కదిలితేగాని ఇంకో బండికి చోటు దొరకదు, అందుకని అక్కడ నిర్ణయాలు తొందరగా జరిగిపోతాయి. నా షెడ్డులో వరసలో నిలబడ్డ బండి ఏదీ లేదు. ఆయుధపూజ నాటికి ఖాళీ బ్లాకుకే కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టాం.

ఇక సలహాలు. పిస్టన్ల తల మీద 020 అన్న అంకె కనబడింది. అంటే నాకు ముందే ఎవరో ఒకసారో రెండుసార్లో కోయించారు. మిగిలినవి 30, 40. చింతామణి స్నేహితుడు ఫోనులో తేల్చేశాడు: “నలభైకి పోరా, ఒక్కసారితో పీడ వదులుతుంది.” బెంగళూరు జేసీ రోడ్డులో అడిగితే అంగడాయనా అదే అన్నాడు, ఆయన దగ్గర 40 సెట్టు ఉంది మరి. 30 కావాలంటే వెతకాలి. ఇంగ్లండులో ఉండే మదనపల్లె మిత్రుడి దగ్గర ఎమ్‌జీబీ ఉంది, అదే కుటుంబపు 1,798 సీసీ ఇంజను. “బావా, ముందు డయల్ గేజి పెట్టి కొలిచి, అంకెలు పంపు. అభిప్రాయాలు తర్వాత చూద్దాం” అన్నాడు. ముళబాగిలులో ఉండే పెద్దాయన సర్కారు అంబాసిడర్లను ముప్పై ఏళ్ళ పాటు చూసుకున్న మేస్త్రి. ఆయన ఎప్పుడూ తక్కువ మాట్లాడతాడు. బ్లాకు చుట్టూ ఒకసారి తిరిగి, గోరుతో గట్టు చూసి, “కోసిన ఇనుము మళ్ళా అతకదు నాయనా. ఎంత కావాలో అంతే తియ్యి” అన్నాడు. పోతూ పోతూ కింద నూనె మరక చూసి నవ్వాడు. ఈ ఇంజనుకు క్రాంకు వెనక రబ్బరు సీలు లేదు, షాఫ్టు మీద చెక్కిన మరచుట్టే నూనెను వెనక్కి తిప్పాలి. మరక లేకపోతే ఇంజనులో నూనె అయిపోయిందని అర్థమట.

కొలిచాం. పై అంచు కింద 6 థౌ అరుగుదల, అడుగున దాదాపు ఏమీ లేదు. గుండ్రంగా ఉండాల్సింది కొంచెం కోడిగుడ్డు వాటానికి తిరిగింది, ఎందుకంటే పిస్టన్ ఎప్పుడూ ఒక పక్కకే ఎక్కువ ఒరుగుతుంది. 6 థౌ అరుగుదల 10 థౌ కోతలో కొట్టుకుపోతుంది. అంటే 30 చాలు. 40 వరకూ పోవడానికి ఉన్న ఒకే కారణం 40 సెట్టు చేతికి అందుబాటులో ఉండటం.

ఇక్కడే నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఆ పది థౌ నావి కావు. తయారీదారు వదిలిన మందంలో కొంత నాకు ముందువాళ్ళు వాడుకున్నారు. కొంత ఇప్పుడు నాకు అవసరం, తీసుకుంటున్నాను. చివరి పది నా తర్వాత ఈ కారు ఎవరి చేతికి పోతుందో వాళ్ళవి. విత్తనాలకు దాచిన గింజలను ఆకలి లేకుండా వండుకోరు కదా. అరుగుదల మీద నాకు కోపం లేదు, అది నడిచినందుకు కట్టిన సుంకం. అవసరం లేని కోత మాత్రం నష్టమే, అది ఎంత నున్నగా చేసినా.

చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో 30 సెట్టు దొరికింది. లేత్ షాపులో కోసి, హోనింగ్ రాళ్ళతో గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీశారు. అద్దంలా మెరిస్తే నూనె నిలవదు, గీతల్లోనే నిలుస్తుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తొందరపెట్టకుండా నడపాలి, రింగులూ గోడలూ ఒకదాన్నొకటి అరగదీసుకుని కుదురుకుంటాయి. కొత్త బండ్ల వెనక రన్నింగ్ ఇన్ అని బోర్డు వేలాడదీసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

తయారీదారు అన్నీ ఊహించాడనీ కాదు. అతని కాలంలో పెట్రోలులో సీసం ఉండేది, అది వాల్వు సీట్లకు మెత్తని పూతలా పనిచేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. ఊపిరితిత్తులకూ పిల్లల మెదళ్ళకూ అది మేలు, పోత ఇనుము సీట్లకు కాదు, అందుకని గట్టి లోహంతో కొత్త సీట్లు వేయించాను. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు పైపులూ పెట్రోలు పంపు డయాఫ్రమూ దానికి ఓర్చవు. అరుగుదలను లెక్క కట్టవచ్చు, లోకం మారడాన్ని కట్టలేం. అక్కడ స్నేహితులే పుస్తకం.

సర్కారు 2021 జులైలో తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన, చాసిస్‌కూ బాడీకీ ఇంజనుకూ పెద్ద మరమ్మతు జరగని సొంత కారును వింటేజిగా నమోదు చేసుకోవచ్చు, కొత్త నమోదుకు 20,000 రూపాయలు. పెద్ద మరమ్మతు ఎక్కడ మొదలవుతుందో అధికారులు తేల్చాలి. నా మట్టుకు నాకు, తయారీదారు పట్టికలో ఉన్న కోత ఆ కారు స్వభావానికి విరుద్ధం కాదు. కోయించకుండా షెడ్డులో తుప్పు పట్టనివ్వడమే విరుద్ధం.

మీ ఇంట్లోనూ పాత బండి ఉండి, ఇంజను దింపే ఆలోచన ఉంటే ఒక పని చేయండి. కోతకు ముందు సిలిండర్లు కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఏ సైజు నుంచి ఏ సైజుకు కోశారో, క్రాంకు ఎంత గ్రైండు చేశారో, ఇంకా ఎంత మిగిలిందో తేదీతో సహా అందులో ఉండాలి. ఆర్‌సీతో పాటు ఆ కాగితాన్నీ బండిలోనే దాచండి. అమ్మేసిన రోజున తాళాలతో పాటు కొన్నవారి చేతికి ఇవ్వండి.