కొండవెన్నున ఒంటరి అడుగు – విశ్వాసమా? సాహసమా?

ఆదోని పట్టణమును సమీపించు యాత్రికునకు దేవాలయ శిఖరముల కంటె ముందుగా కొండలు కానవచ్చును. చుట్టును నల్లరేగడి నేల, ప్రత్తి చేలు. నడుమ ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లు గుండుపై గుండుగా నిలిచిన రాతికొండలు. వలయముగా నున్న ఐదు కొండలను కలుపుకొని పూర్వులు ఇచ్చట దుర్గమును నిర్మించిరి. వానిలో ఎత్తైన బారాఖిల్లా, తాలిబండ అనునవి మైదానమునకు సుమారు 800 అడుగుల ఎత్తున నున్నవి. రణమండల కొండపై ఆంజనేయస్వామి వెలసి యున్నాడు. స్వామి సన్నిధికి మెట్లదారి కలదు. పిల్లలు, వృద్ధులు, టెంకాయల సంచి చేత బట్టుకొన్న గృహిణులు ఆ దారినే ఎక్కి, ఆ దారినే దిగుదురు.

అయితే మెట్లకు ఇరుప్రక్కల కొండ ఇంకను కలదు. దారి లేని కొండవెన్నులు, వానవంకలు కోసిన ఇరుకు లోయలు, గుండ్ల సందులలో నీరు నిలిచిన దొనలు అచ్చట నున్నవి. వానిని చూచినపుడు కొందరికి, విశేషించి యువకులకు, "అటువైపున ఏమున్నదో" అను కుతూహలము కలుగును. ఒంటరిగా అటు పోవుట తప్పా, ఒప్పా? దేవుని నమ్మినవానికి భయమేల? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినను శరణాగతి స్వరూపమునే తాకుచున్నది.

ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేత సహకార సంఘము వలన ఆ పేరు దూరదేశములకును వ్యాపించినది. ఆ యూర మగ్గమున్న యింట పుట్టిన యువకు నొకనిని భావించుకొందము. ఒక శనివారమునాడు "స్వామి దర్శనము చేసికొని సాయంకాలమునకు వత్తును" అని తల్లితో చెప్పి అతడు ఆదోనికి వచ్చెను. మెట్లెక్కి స్వామిని సేవించెను. పిమ్మట మెట్లదారిని దిగక, ఆలయము వెనుకనుండి కొండవెన్ను పట్టుకొని ఒక్కడును నడువసాగెను. కొంతదూర మేగునప్పటికి ఊరి రొద అణగిపోయెను. గాలి సవ్వడి తప్ప వేరొండు లేదు. మనస్సు కుదుటబడెను. "సన్నిధిలో నిలుచుటకు అరనిమిషము చిక్కినది, ఇచ్చట స్వామి ఎంతసేపైనను నాతోనే యున్నాడు" అని అతనికి తోచెను.

ఈ యనుభవమును తేలికగా త్రోసివేయరాదు. పెద్దలు ఏకాంతమును నిందింపలేదు. గీతయందు పదుమూడవ అధ్యాయమున జ్ఞానసాధనములను లెక్కించునపుడు భగవానుడు ఏకాంతస్థల సేవనమును కూడ చేర్చినాడు. ఎమ్మిగనూరునకు చేరువనే తుంగభద్రా తీరమున మంత్రాలయము కలదు. 1671లో అచ్చట బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారు, అంతకు పూర్వము నదికి ఆవల పంచముఖి కొండగుహలో పండ్రెండేండ్లు తపస్సు చేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. నేటి నంద్యాల జిల్లాలోని అహోబిలమును పది పాశురములతో కీర్తించిన తిరుమంగై ఆళ్వారు ఆ క్షేత్రము యొక్క దుర్గమత్వమును విస్తారముగా వర్ణించిరి. నృసింహుడు వెలసినది సుగమమైన బాట ప్రక్కన కాదు. కావున కొండలలో ఒంటరిగా నుండగోరుట దోషము కాదు. దోషము మొదలగు చోటు వేరు.

యువకుడు ఇంకను ముందునకు సాగెను. ఒక వంక అడుగున పచ్చని చెట్లు కనబడెను. నీరున్నదేమో చూతమని గుండునుండి గుండునకు దిగెను. నున్నని బండ యొకటి అడ్డుపడగా దానిపై కూర్చుండి జారెను. రాతికొండలలోని మోసమంతయు ఇచ్చటనే యున్నది. జారుట క్షణములో పని. జారిన బండను మరల ఎక్కుట దుస్సాధ్యము. పైనుండి చూచువానికి వంక మెల్లగా పల్లమునకు పోవునట్లే కనిపించును. కాని నీరు మెట్లను వెదకదు, దుముకును. నీరు దుమికిన చోట మనుష్యుడు దుముకజాలడు. అతనికి వెనుక ఎక్కరాని బండ, ముందు రెండు నిలువుల లోతు. ప్రొద్దు వాలుచుండెను. చేతిలోని సెల్‌ఫోను ఆ రాళ్ల నడుమ పలుకలేదు.

అప్పుడతని మనస్సున ఒక తలంపు పుట్టెను: "నేను స్వామి భక్తుడను. ఇది సముద్రమునే దాటిన మహావీరుని కొండ. కన్నులు మూసికొని దుమికినచో నన్ను కాపాడడా?"

ఈ తలంపు వద్ద నిలిచి విచారింపవలెను. భక్తివలె కనిపించు దీనిలో నిజమైన భక్తి ఎంత?

హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని కొండకొమ్మునుండి త్రోయించెను. స్వామి రక్షించెను. ఆ కథను విన్నవారందరు "నమ్మినవానిని కొండయు చంపజాలదు" అని గ్రహింతురు. కాని ఒక్క విషయమును మరతురు. ప్రహ్లాదుడు త్రోయబడెను, తాను దుమకలేదు. విషమును, అగ్నిని, ఏనుగును అతడు వెదకికొని పోలేదు. స్వామి శక్తిని చూడగోరి ఒక్క ఆపదనైనను కొనితెచ్చుకొనలేదు. స్తంభమున హరి యున్నాడో లేడో తేల్చుకొనగోరినవాడు హిరణ్యకశిపుడు. ప్రహ్లాదునకు ఆ పరీక్షతో పని లేదు. స్వామి కాపాడునో లేదో చూతమని దుముకువాడు, తెలియకయే కుమారుని పక్షమును విడిచి తండ్రి పక్షమున చేరుచున్నాడు.

ఆంజనేయుడు ఒంటరిగనే లంఘించెను గదా యని కొందరనవచ్చును. నిజమే. అయితే అతడు లంఘించినది తన కుతూహలము తీరుటకు కాదు, రామకార్యము కొరకు. గమ్యమేదియో తోడి వానరులందరును ఎరిగియే అతనిని పంపిరి. ఆ ఘట్టమున జాంబవంతుని మాట యొకటి గమనింపదగినది. హనుమంతుడు తిరిగివచ్చువరకు తామందరును ఒంటికాలిపై నిలిచియుందుమని ఆ వృద్ధుడు చెప్పెను. పోవువాడొక్కడు, ఒంటికాలిపై నిలుచువారు పలువురు! కొండలలో ఒంటరిగా తిరుగువాడు నిజముగా ఎన్నడును ఒంటరి కాడు. అతడు ఆ వంకలో చిక్కుకొన్న సమయమున ఎమ్మిగనూరులో అతని తల్లి వీధివాకిట ఒంటికాలిపై నిలిచినట్లే యున్నది. ఆమెకు తెలిసినదెల్ల దర్శనము, మెట్లదారి మాత్రమే. వెదకబోవువారును ఆ మెట్లదారినే వెదకుదురు. చీకటిలో దారి తప్పి వెదకినచో వారి ప్రాణములకును అపాయమే. ఆ ప్రాంతపు కొండలలో చిరుతల సంచారము కూడ కలదు.

దారిలేని చోట ప్రవేశించుట ఎట్లో తెలిసికొనుటకు కిష్కింధాకాండయందే మరియొక ఘట్టము కలదు. సీతాన్వేషణము చేయుచు దప్పిగొన్న వానరులు ఋక్షబిలమునుండి తడిసిన రెక్కలతో వెలువడు పక్షులను చూచిరి. లోపల నీరున్నదని ఊహించిరి. వారి ఊహ సరియైనదే. కాని బిలము కటికచీకటి. అప్పుడు వారు ఒకరినొకరు పట్టుకొని లోనికి నడచిరి. అంతటి బలశాలులకు కూడ చీకటిలో ఒకరి చేయి మరియొకరికి ఆధారమయ్యెను. అట్లు పోయినను సుగ్రీవుడు విధించిన మాసము గడువు దాటిపోయెను. స్వయంప్రభ అను తాపసి దయ తలచనిచో వారు వెలికి వచ్చుట దుర్లభము. ఊహ సరియైనంత మాత్రమున మార్గము సులభము కాదనియు, లోనికి పోవుట తన వశమైనను బయటికి వచ్చుట పరుల దయపై ఆధారపడుననియు ఈ కథ బోధించుచున్నది.

శరణాగతికి ఆరు అంగములను ఆచార్యులు చెప్పిరి. భగవంతుడు తప్పక రక్షించునను మహావిశ్వాసము వానిలో నొకటి. దానితో పాటు కార్పణ్యమును, అనగా తన అశక్తతను తానెరుగుటయును, మరియొక అంగముగా చెప్పిరి. కార్పణ్యమును విడిచి విశ్వాసమును మాత్రమే చేపట్టినచో అది శరణాగతి కాదు; స్వామిని తన ఆటకు కాపలాదారుగా నిలుపుట యగును. తన కాలి బలమెంతయో, ప్రొద్దెంతయున్నదో, నీరెంతయున్నదో ఎరిగి వెనుదిరుగువాడు విశ్వాసహీనుడు కాడు. దేహము స్వామి సొత్తు. సొత్తును జాగ్రత్తగా కాపాడుట దాసుని ధర్మము.

అట్లైన ఎన్నడును బాటను విడువరాదా? అట్లనరాదు. తిరుక్కోట్టియూరులో ఎన్నో మారులు తిరిగి మంత్రార్థమును పొందిన భగవద్రామానుజులు, గురువు విధించిన రహస్యనియమమును దాటి దానిని అందరికిని ప్రకటించిరి. అదియు బాటను విడుచుటయే. కాని ఆ దోషఫలమును తామొక్కరే అనుభవింప సిద్ధపడి, లాభమును లోకమునకు పంచిరి. కుతూహలమునకై ప్రాణమును ఒడ్డువాడు చేయునది దీనికి సరిగా విరుద్ధము: ఆనందమును తానొక్కడే అనుభవించి, దుఃఖమును ఇంటివారికి పంచుచున్నాడు. బాట విడిచిన ప్రతి అడుగును ఈ త్రాసునందే తూచవలెను.

ఇదే పడమటి కర్నూలు ప్రాంతమున, గుత్తికి చేరువగా ఎఱ్ఱగుడి యొద్ద బండలపై అశోకుని శాసనములు కలవు. అవి క్రీస్తుపూర్వము 3వ శతాబ్ది నాటివి. చిరకాలము పండితలోకమునకు తెలియక యున్న వానిని 1929 ప్రాంతమున అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించెను. రాళ్లను శ్రద్ధతో చూచు కన్ను లేనిచో ఆ శాసనములు ఇంకను మరుగుననే యుండెడివేమో. కావున కొండలను తరచిచూచు బుద్ధి చెడ్డది కాదు. దాని ఫలము లోకమునకు అందినపుడు అది పుణ్యమే. ఇక ఆ బండలపై చెక్కిన ధర్మమేది? తల్లిదండ్రులకు విధేయులై యుండవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, సత్యము పలుకవలెననియు అచ్చటి లఘుశాసనము బోధించుచున్నది. ఊరికి దూరమైన బండపై కూడ చివరకు కానవచ్చినది గృహధర్మమే! యువకుడు తల్లితో పలికినది అబద్ధము కాదు, సగము సత్యము. ఆ మిగిలిన సగము కొరతవలననే ఆమెకు ఆపద కలిగినది.

ఇప్పుడు వంకలోని యువకుని యొద్దకు మరలుదము. దుముకబోయినవానికి తల్లి ముఖము జ్ఞప్తికి వచ్చెను. అతడు వెనుకకు జరిగి బండపై కూర్చుండెను. సిగ్గు విడిచి ఎలుగెత్తి పిలువసాగెను. కొంతసేపటికి ఎదుటి గట్టున మేకలను మరలించుచున్న వృద్ధుడొకడు ఆ పిలుపు విని, "ఆ పక్క దిగొద్దు నాయనా! ఎడమ గుండు కింద మేకలు పోయే సందొకటి ఉండాది. ఆడనే ఉండు, నేనొస్తా" అనెను. స్వామి రక్షణము వచ్చెను. కాని అది దుమికిన తరువాత చేతులపై పట్టుకొనుటకు రాలేదు. దుముకక మునుపు తల్లి జ్ఞాపకముగను, పిలిచిన తరువాత కాపరి మాటగను వచ్చెను. అట్టి రక్షణమును గుర్తింపలేనివాడే అద్భుతములను కోరును.

చీకటిపడిన చాలసేపటికి అతడు ఇల్లు చేరెను. తల్లి కోపింపలేదు. కాళ్లకు నీళ్లిచ్చి, "కొండకు పోవద్దనను. ఏ పక్క పోతావో చెప్పి పో నాయనా" అని మాత్రము పలికెను. ధర్మశాస్త్రమంతయు ఆ మాటలో నిమిడి యున్నది. మగ్గముపై పేకనూలు స్వేచ్ఛగా ఇటునటు పరుగిడుచున్నట్లు కనిపించును. పడుగు బిగువుగా నిలిచినప్పుడే ఆ పరుగు వస్త్రమగును; పడుగు లేనిచో చిక్కుపడిన దారమగును.

కావున ఏకాంతమును కోరువారు కోరవచ్చును. పోవు దిక్కును ఇంట చెప్పి, ఆ కొండ నెరిగిన కాపరులను అడిగి, ప్రొద్దును నీటిని లెక్క చూచుకొని, ఎక్కజాలని చోట దిగక, వెనుదిరుగుటకు సిగ్గుపడక నడువవలెను. కొండకొమ్మున నున్న స్వామియే ఇంటి గుమ్మమునందును ఉన్నాడు. క్షేమముగా తిరిగివచ్చి ఆ గుమ్మమున అడుగిడుటతోనే యాత్ర పూర్తియగును.