సీటు దొరికెను, చోటు దొరికెనా?



వానలు పడి నారుమళ్లు పచ్చబడు దినములలో, ప్రతి సంవత్సరము మన ఊళ్లనుండి కొందరు పిల్లలు పెట్టె సర్దుకొని హైదరాబాదు బస్సెక్కుదురు. ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులలోని అద్దె గదులును హాస్టళ్లును వీరితో నిండును. కొందరు సమీపముననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరుదురు, కొందరు చుట్టుప్రక్కల కళాశాలలలో చేరుదురు. తెలంగాణలో 2016వ సంవత్సరమునుండి డిగ్రీ ప్రవేశములు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. దోస్త్ అనగా స్నేహితుడు. సీటు వచ్చినదను కబురు చేతిలోని ఫోనుకే చేరును. మంచిదే. అయితే ఆ పిల్లవాడు గేటు దాటి లోపల అడుగుపెట్టినప్పుడు అతనికి దోస్తు ఎవరు?

కొన్ని సంవత్సరముల క్రిందట మేము మా సంఘములోని ఒక కుర్రవానిని చేర్పించుటకు నగరములోని ఒక కళాశాలకు వెళ్లితిమి. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. తండ్రి రెండు దినముల కూలి మానుకొని వెంట వచ్చెను. కిటికీ వెనుకనున్న గుమాస్తా తల ఎత్తలేదు. ఒక కాగితము తక్కువైనదని మరియొక కిటికీకి పంపెను, అక్కడివారు మూడవదానికి పంపిరి. సాయంకాలము హాస్టలు గదికి చేరితిమి. అక్కడి విద్యార్థులు మొదట పేరడిగిరి, తరువాత ఇంటిపేరడిగిరి, ఆ తరువాత ర్యాంకెంత అని అడిగి ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. అన్నము తింటివా అని అడిగినవాడొక్కడును లేడు. మేము బయలుదేరునప్పుడు ఆ పిల్లవాడు వాకిటివరకు వచ్చి, “సీటైతే వచ్చింది అయ్యగారూ, నాకిక్కడ చోటున్నట్టు లేదు” అనెను. ఆ మాట మమ్మును ఇప్పటికిని విడువలేదు.

సీటిచ్చినవారు ఆదరణ కూడ బాకీపడియున్నారా? కొందరు లేదందురు. “విద్యాలయము పెండ్లివారిల్లు కాదు. అర్హత చూచి చేర్చుకొనుట, పాఠము చెప్పుట, పరీక్ష పెట్టుట దాని పని. కొత్తవాడు తానే సర్దుకొనవలెను” అందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. చదువనునది కష్టమే, ఎవరును మన పిల్లల బదులు చదువజాలరు. అయితే పాఠమర్థము కానివాడు చెయ్యెత్తి అడుగవలెనన్న ధైర్యము కావలెను. తానిక్కడి వాడను కానని తలంచువానికి ఆ ధైర్యమెక్కడనుండి వచ్చును? కాబట్టి ఆదరణ చదువునకు అలంకారము కాదు, పునాదిలోని రాయి.

ఉస్మానియా చరిత్రలోనే దీనికి సాక్ష్యమున్నది. అది 1918లో స్థాపింపబడెను. ఇంగ్లీషులో గాక ఈ దేశపు భాషయగు ఉర్దూలో విశ్వవిద్యాలయపు చదువు చెప్పుట గొప్ప సాహసము. అయినను తెలుగు పల్లెనుండి వచ్చిన బాలునికి అదియును పరాయి భాషయే. 1948 తరువాత ఉర్దూ స్థానములోనికి ఇంగ్లీషు వచ్చెను. పల్లె బాలునికి మరల వేరొక గోడ ఎదురయ్యెను. 1938లో హాస్టలు ప్రార్థనలో వందేమాతరము పాడిన విద్యార్థులను అది మానుమనిరి. మానని అనేకులు బయటికి పంపబడిరి. అప్పుడు పరాయి రాష్ట్రములోని నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచెను. అట్లు నాగపూరు చేరినవారిలో పి.వి. నరసింహారావు గారొకరు, 1991లో ఆయన దేశమునకు ప్రధానమంత్రి ఆయెను. వెళ్లగొట్టబడినవాడు రేపు ఏమగునో తలుపు తెరచినవారికిని తెలియదు. తెలిసి తెరచినయెడల అది వ్యాపారమగును గాని ఆదరణ కాదు.

మన కాలములో చట్టము కూడ ఈ గేటునొద్ద నిలిచినది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగును నేరముగా నిషేధించెను. 2009లో యు.జి.సి. నియమములు వచ్చెను, ర్యాగింగు చేయనని ప్రతి విద్యార్థియు, అతని తలిదండ్రులును వ్రాసి ఈయవలెను. ఇవి అవసరమైన మేళ్లు. భయపడిన పిల్లలు దాచుకొనక ఫిర్యాదు చేయవలెను. అయితే చట్టము కొట్టు చేతిని పట్టుకొనగలదు గాని, ముడుచుకొన్న చేతిని చాపించలేదు. పలుకరింపనివానిమీద ఏ కేసును లేదు.

పెద్ద తరగతులవారు తరచుగా చెప్పు మాట ఒకటున్నది: “మేమును పడితిమి, వీరును పడనీ. గట్టిపడుదురు.” ఇది జాగ్రత్తగా చూడవలసిన మాట. ఐగుప్తులో నలిగిన జనమునకు మోషే ధర్మశాస్త్రము చెప్పినదేమి? మీరు పరదేశులైయుంటిరి గనుక పరదేశి హృదయము మీకు తెలియును, కాబట్టి అతని బాధింపకుడని నిర్గమకాండము 23వ అధ్యాయపు భావము. జ్ఞాపకము ఒక్కటే. ఒకడు దానినుండి కర్ర చేసికొనును, మరియొకడు దానినుండి కంబళి నేయును. బాధ తనంతట తానే ఎవనిని మంచివానిగా చేయదు. ఆ బాధతో మనమేమి చేయుదుమో అదియే మనలను తేల్చును.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము తెరచి చదువుడి. నలుగురు యువకులు పరదేశములో రాజు చదువునకు ఏర్పరచబడిరి. మూడేండ్ల చదువు, రాజు బల్లమీది భోజనము, అన్నియు ఉచితమే. అయితే వారి పేర్లు మార్చబడెను. నేడును మన పిల్లలు కొందరు రూతనియు దానియేలనియు పూర్తి పేరు చెప్పుటకు జంకి, తలవంచుకొని ఒక అక్షరముతో సరిపెట్టుకొనుచున్నారు. ఆ కథలో వారి మనస్సు నిలిపినది రాజు కాదు. వారిపైనుంచబడిన ఒక చిన్న అధికారి కొత్తవారి మనవి ఆలకించి, పది దినములు చూతమని ఒప్పుకొనెను. రాజు సీటిచ్చెను, చోటిచ్చినవాడు ఆ చిన్న అధికారియే. కిటికీ వెనుకనున్న గుమాస్తాయు, హాస్టలు వార్డెనును, వంటవాడును, ఒక సంవత్సరము ముందు వచ్చిన విద్యార్థియు ఎంత పనిచేయగలరో దీనివలన తెలియుచున్నది.

ఇక మన సంగతి. కళాశాలను నిందించి ఊరకుండుట సులభము. మన గుడిలోనికి పరాయి ఊరివారొకరు వచ్చి వెనుక చాపమీద కూర్చుండినప్పుడు, ఆరాధన ముగిసిన తరువాత వారితో మాటలాడువారెవరు? పల్లెలో ఎరుగనిది పిల్లలు నగరములో చేయుదురని ఎదురుచూచుట న్యాయమా? నగరములో మన బంధువులున్నయెడల, ఈ సంవత్సరము వెళ్లిన పిల్లవానిని ఒక ఆదివారము అన్నమునకు పిలువుడని వారికి చెప్పుడి. మన ఇంట నిరుడు చేరిన విద్యార్థియున్నయెడల, కొత్తవాని వెంట మొదటి దినమున ఆ మూడు కిటికీలు తిరుగుమని చెప్పుడి. తలిదండ్రులారా, ఫోనులో మార్కులడుగుటకు ముందు, స్నేహితుడెవరైన దొరికెనా అని అడుగుడి.

మా కుర్రవాడు ఆ చదువు ముగించెను. రెండవ వారములో ఎదుటి గదివాడొకడు తలుపు తట్టి, “మెస్సుకు పోదాం, వస్తావా?” అని అడిగెనట. ఎవరును పొగడదగినంత గొప్ప కార్యము కాదది. అయినను చోటు ఆ సాయంకాలమే దొరికినదని అతడు మాతో చెప్పెను. మన చేతిలోనున్నది అంతమాత్రమే. అంతమాత్రము మనము చేయుదుము గాక.